సుంకమ్మ నొక్కిన బటన్

ఇన్నేళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. ఎక్కడ దించుకోవాలో తెలియక మీ ముందు దించుకుంటున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియాల్సిన పని లేదు. నా వల్ల ఒక మనిషి చనిపోయాడు. ఆ నింద ఇంకో మనిషి మోసింది. మొదటిది పొరపాటు అని ఎవరైనా అనవచ్చు. నేను కూడా చాలాసార్లు అలాగే అనుకుని పడుకున్నాను. రెండోది మాత్రం పొరపాటు కాదు. అది తెలిసి చేశాను.

మాది యాడికి అనే ఊరి దగ్గర ఒక పల్లె. నాయనకు పిండిమర ఉండేది. పదో తరగతి తప్పాక నేను అక్కడే పనికి కుదురుకున్నాను. కరెంటు ఉన్నంతసేపు పిండి పట్టడం, పోతే ఊరికే కూర్చోవడం. మా వైపు ఊరికే కూర్చునే గంటలే ఎక్కువ. ఆ గంటల్లోనే నాకు ఎలక్ట్రానిక్స్ పిచ్చి పట్టింది. మొదట ఇంట్లో మూలన పడిన రేడియో విప్పాను. తిరిగి బిగిస్తే ఒక స్క్రూ మిగిలింది, కానీ రేడియో పలికింది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం మళ్ళీ ఎప్పుడూ కలగలేదు.

తాడిపత్రిలో పాత సామాన్ల అంగడి ఒకటి ఉండేది. పగిలిన టీవీలు, టేపురికార్డర్లు, దేనివో తెలియని బోర్డులు గోతాంలో కట్టి అమ్మేవారు. నేను వాటిని తెచ్చుకుని ఒక్కొక్క భాగాన్నే కాల్చి ఊడదీసేవాణ్ణి. బొమ్మలున్న ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికింది. అక్షరాలు అర్థం కాలేదు. గీతలు అర్థమయ్యాయి. ఈ గీత ఇక్కడి నుంచి అక్కడికి పోతే దీపం వెలుగుతుంది, అంతే. చేతులు కాలాయి. చాలా భాగాలు పొగలు కక్కి చచ్చాయి. నాకు చెప్పినవాడు లేడు. ఎవరి దగ్గరా నేర్చుకోలేదన్నది నాకు పెద్ద గొప్పగా ఉండేది.

గురువు లేని చదువులో ఉన్న ప్రమాదం అప్పుడు తెలియలేదు. పని చేస్తే చాలు, మనం చేసింది సరైనదే అనుకుంటాం. పనిచేసే వస్తువు కూడా లోపల తప్పుగా ఉండవచ్చని చెప్పడానికి పక్కన ఒకరు ఉండాలి. నా పక్కన ఎవరూ లేరు. ఉన్నవాళ్ళంతా నన్ను మెచ్చుకునేవాళ్ళే.

ఓబులేసు కూడా మెచ్చుకునేవాడే. నా ఈడువాడు, చిన్నప్పటి నుంచి తెలిసినవాడు. ఊరికి ఉత్తరాన వాళ్ళకు చీనీ తోట, అంటే బత్తాయి తోట ఉంది. కొత్తగా కాపుకొచ్చిన చెట్లు. ఆ ఏళ్ళలో వరసగా వానల్లేవు. మా చుట్టుపక్కల ఏ చేలో చూసినా నీళ్ళు పడని బోరు గుంత ఒకటి నోరు తెరుచుకుని ఉండేది. ఓబులేసు బోరులో మాత్రం సన్నటి ధార ఇంకా వస్తోంది. అయితే మోటారుకు కావాల్సిన త్రీఫేజ్ కరెంటు ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. వచ్చినప్పుడు స్టార్టర్ దగ్గర మనిషి లేకపోతే ఆ విడత నీళ్ళు పోయినట్టే. అందుకని మొగుడూ పెళ్ళాలు వంతులు వేసుకుని తోటలోనే పడుండేవారు. అతను లేనప్పుడు భార్య సుంకమ్మ కాచుకునేది. స్టార్టర్ మీద మోటారు వేసే పచ్చ బటన్, ఆపే ఎర్ర బటన్ ఉండేవి. కరెంటు రాగానే ఉరికి పచ్చ బటన్ నొక్కేది. ఈ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. తర్వాత ఆమె మెడకు చుట్టుకున్నది కూడా ఇదే.

"ఏమప్పా, ఇన్ని చేస్తాండావు గదా, కరెంటు వస్తానే దానిపాటికి అదే మోటారు పడేట్ల ఏమన్నా చెయ్యరాదా?" అని ఓబులేసు ఒకరోజు మర దగ్గరకొచ్చి అడిగాడు. అతని కళ్ళు నిద్ర లేక ఎర్రగా ఉన్నాయి.

చేస్తానన్నాను. అలాంటి పరికరాలు పట్నంలో దొరుకుతాయని తెలుసు. నేనే చేయాలని నాకు కోరిక.

నా పెట్టె చేసే పని ఒక్కటే. కరెంటు వచ్చాక కాసేపు ఆగి, మనిషి వేలికి బదులు తానే పచ్చ బటన్ నొక్కినట్టు చేసి, వెంటనే వదిలేయాలి. ఆ నొక్కి వదిలే భాగాన్ని రిలే అంటారు. లోపల రెండు చిన్న లోహపు ముక్కలు కలుస్తాయి, విడిపోతాయి. నేను వాడిన రిలే పాత సామాన్ల గోతాంలో దొరికింది. ఆ ముక్కలు నల్లగా కాలి ఉన్నాయి. గరుకు కాగితంతో రుద్దితే మెరిశాయి. మెరిస్తే బాగైనట్టే అనుకున్నాను.

ఇక్కడ ఆగాలి. ఇది మీకు సరిగ్గా చెప్పాలి.

ఇవ్వడానికి ముందు దాన్ని మరలో బల్ల మీద పెట్టి పరీక్ష చేశాను. చాలాసార్లు బాగానే పనిచేసింది. ఒకసారి మాత్రం ముక్కలు కలిసి విడిపోలేదు. అతుక్కుపోయాయి. స్క్రూడ్రైవర్ పిడితో తట్టాను. టక్కున విడిపోయాయి. మళ్ళీ పరీక్షిస్తే సరిగ్గానే ఉంది. కొత్త రిలే కావాలంటే బెంగుళూరు పోవాలి. చెట్లు ఎండుతున్నాయి, ఓబులేసు రోజూ వచ్చి అడుగుతున్నాడు. నిజానికి అదీ కారణం కాదు. నేను చేసిన వస్తువు బయట పనిచేయడం చూడాలని నాకు మనసు ఆగలేదు. ఒక్కసారే కదా అతుక్కుంది అనుకున్నాను. నాకు తెలుసు. ఈ ఒక్క మాట చాలదూ నన్ను పట్టుకోవడానికి? నాకు ముందే తెలుసు.

పెట్టె బిగించిన రోజు ఓబులేసు అడిగాడు, తీగల పని ఏదైనా పడితే ఎట్లా అని. దానికి నేను పెట్టె పక్కనున్న చిన్న స్విచ్ చూపించాను. "ఇది కిందికేస్తే చాలు, పెట్టె చచ్చినట్టే. ఫ్యూజులు పీకే పనిల్యా" అన్నాను. ఆ ఫ్యూజులు వదులుగా ఉండి పీకినప్పుడల్లా నిప్పులు రాలేవి. వాటిని ముట్టుకోవాలంటే అతనికి భయం. నా మాట విని ముఖం వెలిగింది. సుంకమ్మ కూడా అక్కడే నిలబడి ఉంది. స్విచ్ కిందికి వేసి, పైకి వేసి చూసుకుంది. ఆ స్విచ్ పెట్టె మెదడును మాత్రమే ఆపుతుంది. అతుక్కుపోయిన రిలేను ఆపలేదు. ఆ రెండింటికీ తేడా ఉందని నాకు అప్పుడు తట్టనే లేదు. బొమ్మల్లో గీతలు చూసి నేర్చుకున్నవాణ్ణి. ఏది చెడిపోతే ఏమవుతుందని ఆ బొమ్మలు చెప్పవు.

కొన్నాళ్ళు అంతా బాగా జరిగింది. కరెంటోళ్ళు చూస్తే పెట్టె తీసేస్తారని ఎవరికీ చెప్పుకోలేదు. చెట్లు చిగురుపట్టాయి. దారిలో కనపడితే ఓబులేసు నా భుజం మీద చెయ్యి వేసి నవ్వేవాడు. తమ పాపను పక్కలో వేసుకుని ఇంటి పట్టున పడుకుంటున్నాడని సుంకమ్మ నా భార్యతో చెప్పిందట. నేను గాలిలో నడిచాను.

ఆ రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. బోరు దగ్గర తీగల అతుకు కాలి వాసన వస్తోందని ఓబులేసు అంతకుముందే చూసి పెట్టుకున్నాడు. పెట్టె స్విచ్ కిందికి వేసి, బోరు దగ్గరికి పోయి, అతుకు మీది టేపు విప్పి కూర్చున్నాడు. సుంకమ్మ సద్ది తెచ్చి స్టార్టర్ గది నీడలో దించింది. కరెంటు వచ్చింది. స్టార్టర్ ఠప్పుమని పడింది.

పక్క బీడు భూమిలో గొర్లు మేపుతున్న హనుమన్న అరుపులు విని పరుగెత్తుకొచ్చాడు. ఆయన గదిలోకి వచ్చేసరికి సుంకమ్మ రెండు చేతులూ స్టార్టర్ మీద ఉన్నాయి. ఆయన కట్టెతో ఫ్యూజులు కొట్టి ఊడగొట్టాడు. అప్పటికే అయిపోయింది.

నాకు కబురు వచ్చింది. కరెంటు తెలిసినవాణ్ణని నన్ను పిలిచారు. ఓబులేసును వేప చెట్టు కిందికి తెచ్చి పడుకోబెట్టారు. అతని అరచేతులు చూశాను. ఎక్కువసేపు చూడలేకపోయాను. అందరూ అతని చుట్టూ ఉన్నారు. కరెంటు తీసేశారో లేదో చూస్తానని చెప్పి గదిలోకి పోయాను. తీగలు కత్తిరించాను. పెట్టెను తువ్వాలులో చుట్టాను. నా చేతులు వణకలేదు. ఎందుకు వణకలేదు? చాలా ఏళ్ళు ఈ ప్రశ్న వేసుకున్నాను. ఏడుపు రావాల్సిన చోట నాకు కట్టర్ దొరికింది. మనిషి లోపల ఏముందో అలాంటప్పుడు బయటపడుతుంది కాబోలు.

బయటకు వచ్చి సుంకమ్మ పక్కన కూర్చున్నాను. చెవిలో చెప్పాను, పెట్టె ఉన్నట్టు తెలిస్తే కరెంటోళ్ళ నుంచి పరిహారం రాదు, నేను తీసేశాను, ఎవరితోనూ అనొద్దు అని. ఆమె తలూపింది. ఏం విన్నదో, ఏం అర్థమైందో తెలియదు. కానీ మాట నిలబెట్టుకుంది. ఈ రోజు వరకు ఆ పెట్టె సంగతి ఆమె నోటి నుంచి బయటకు రాలేదు.

పరిహారం కోసమే తీశానని నాకు నేనే చెప్పుకున్నాను. అందులో నిజం లేకపోలేదు. అదే దానిలోని విషం. పూర్తి అబద్ధమైతే నేనే ఎప్పుడో ఉమ్మేసేవాణ్ణి.

ఇంటికి పోయి పెట్టె విప్పాను. రిలే అతుక్కుని ఉంది. స్క్రూడ్రైవర్ పిడితో తట్టాను. టక్కున విడిపోయింది. ఆ చప్పుడు గురించి నేను ఇంకేమీ రాయలేను. మరుసటి రోజు ఎండిపోయిన ఒక బోరు గుంతలో ఆ పెట్టెను వేసేశాను.

అధికారులు వచ్చారు, చూశారు, రాసుకుని పోయారు. ఎవరినీ తప్పుపట్టలేదు. తప్పుపట్టింది ఊరు. హనుమన్న అబద్ధం ఆడే మనిషి కాదు. "స్టార్టర్ మీద ఆయమ్మ చేతులుండె, కండ్లార చూస్తి" అన్నాడు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. మిగతాది జనం కలుపుకున్నారు. కరెంటు వస్తానే పచ్చది నొక్కడం ఆమెకు అలవాటే గదా. మొగుడు తీగలు పట్టుకున్నాడని మరిచిపోయింటుంది. అలవాటు చెయ్యి. పాడు చెయ్యి. ఓబులేసు తల్లి కొడుకు పోయిన దుఃఖంలో కోడలి చేతి అన్నం ముట్టనని చెప్పింది. కావాలనే నొక్కిందేమో అన్నవాళ్ళు కూడా ఉన్నారు. పిండిమర దగ్గర వరసలో నిలబడి ఆ మాట అంటుంటే నేను పిండి పడుతూ విన్నాను. మర చప్పుడులో వినపడనట్టు ఉన్నాను.

దినాలు అయ్యాక ఒక మధ్యాహ్నం సుంకమ్మ మర దగ్గరకు వచ్చింది. కరెంటు లేదు. ఎవరూ లేరు. గడప అవతలే నిలబడింది.

"అన్నా, నీకు కరెంటు సంగతి తెలుసు గదా. ఒగ మాట అడుగుతా, నిజం చెప్పు."

"అడుగమ్మా."

"ఆ పొద్దు నీ పెట్టె స్విచ్చి కిందికే ఉండె. ఆయనే ఏసిపోయినాడు, నేను చూస్తి. కరెంటు వచ్చినాంక దానిపాటికి అదే పడె. ఆయన అరిచినాడు. నేను ఉరికి ఎర్రది నొక్కితి. ఆగె. చెయ్యి తీస్తే మళ్ళా పడె. మళ్ళా నొక్కితి. తీస్తే మళ్ళా పడె. అట్లెట్ల అయితాదన్నా? నీ పెట్టె మాట ఎత్తకుండా, అదే పడెనని ఎవురికి చెప్పినా నాకు మతి పోయిందంటాండారు."

ఆమెకు మతి పోలేదు. ఈ భూమ్మీద ఆ మాటకు అర్థం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. రిలే అతుక్కుని ఉంటే సరిగ్గా అలాగే జరుగుతుంది. ఎర్రది నొక్కినంతసేపే మోటారు ఆగుతుంది. చెయ్యి తీస్తే అతుక్కున్న ఆ రిలే మళ్ళీ దాన్ని వేస్తుంది. ఆమె ఎర్రది నొక్కి పట్టుకుని అలాగే నిలబడి ఉంటే ఏమయ్యేదో. కానీ చెయ్యి తీసి మొగుడి దగ్గరికి పోవాలని ఏ ఆడమనిషికి ఉండదు? పోబోయింది, మళ్ళీ పడింది, వెనక్కి వచ్చింది. హనుమన్న చూసింది ఆ చేతుల్నే. ఒక్క వాక్యంతో నేను ఆమెను విడిపించగలను. "తప్పు నీది కాదమ్మా, నా పెట్టెది" అంటే చాలు. నోరు తెరిచాను.

"స్విచ్చి కిందికుంటే పెట్టె పని చెయ్యదమ్మా" అన్నాను.

ఆమె నన్నే చూసింది.

"అయితే నేనే పచ్చది నొక్కింటినా?"

"గాబరాలో ఏది నొక్కినామో మనకే తెలీదులేమ్మా. మనసులో పెట్టుకోవద్దు."

ఆమె తన కుడిచెయ్యి ఎత్తి, తిప్పి చూసుకుంది. ఎవరిదో అయినట్టు చూసుకుంది. "సర్లేన్నా" అని వెళ్ళిపోయింది.

నేను చేసింది ఇదీ. రిలే తట్టి సరిపెట్టుకోవడం ఒకటి, పెట్టె దాచడం ఒకటి. వాటికి భయం, తెలివితక్కువతనం అని పేర్లు పెట్టుకోవచ్చు. మూడోదానికి ఆ పేర్లు చాలవు. ఊరు అన్న మాటలను ఆమె అప్పటిదాకా నమ్మలేదు. తన చేతుల మీద తనకు నమ్మకం ఉంది. ఆ నమ్మకం తీసుకుని నా దగ్గరికి వచ్చింది. దాన్ని నేను విరిచేశాను. అది కూడా ఓదార్పు గొంతుతో విరిచాను. ఆ గొంతు నాకు ఎక్కడి నుంచి వచ్చింది?

తర్వాత ఆమె పాపను తీసుకుని నల్లమాడ వైపు తన పుట్టింటికి వెళ్ళిపోయింది. తోటకు నీళ్ళు పెట్టేవాళ్ళు లేరు. చీనీ చెట్లు నిలువునా ఎండితే కొట్టి వంటచెరుకు చేశారు.

నాకు ఏ శిక్షా పడలేదు. పని మానేశానని మీరు అనుకుంటారేమో. మానలేదు. కొన్ని నెలలు సోల్డరింగ్ ఐరన్ ముట్టుకోలేకపోయాను, అంతే. తర్వాత తాడిపత్రిలో చిన్న అంగడి పెట్టుకున్నాను. టీవీలు, తర్వాత సెల్‌ఫోన్లు. ఎవరి దగ్గరా నేర్చుకోకుండా ఇంత పని వచ్చిందా అని జనం ఆశ్చర్యపోతే నవ్వి ఊరుకునేవాణ్ణి. కరెంటు మోటార్ల పని మాత్రం ఎవరు అడిగినా రాదని చెప్పేవాణ్ణి. దాన్ని పశ్చాత్తాపం అనలేను. పాము కరిచినవాడు గడ్డిలో నడవనట్టు, అంతే.

చాలా ఏళ్ళకు, ఇక చెప్పేయాలని తెగించి, బస్సెక్కి ఆమె ఊరికి పోయాను. దారంతా మాటలు పేర్చుకున్నాను. ఆమె ఇంటి వసారాలో చాప మీద విత్తనానికి చెనక్కాయలు వలుస్తోంది. నన్ను చూసి గుర్తుపట్టింది. సంతోషపడింది కూడా. అదే నాకు మొదటి దెబ్బ. ఉక్కగా ఉందని ఫ్యాను వేయమని పాపను కేక వేసింది. స్విచ్ ఆమె తలకు పక్కనే ఉంది. పాప వంటింట్లో నుంచి వచ్చి వేసి పోయింది. పెద్దపిల్ల అయింది, ఓబులేసు ముఖమే.

నేను చూసింది గమనించి సుంకమ్మే చెప్పింది. "మా పాప నన్ను స్విచ్చి ముట్టనీదన్నా. నువ్వొద్దుమా, నేనేస్తా అంటాది. చిన్నప్పట్నుంచి అంతే."

నేను పేర్చుకున్న మాటలన్నీ అక్కడే పడిపోయాయి. ఆమె వలుస్తూనే ఉంది.

"ముందు లేదు లేదని ఏడుస్తాంటి. నువ్వు చెప్పినాంక ఆలోచన చేస్తి. నిజమే, నేనే నొక్కింటా. ఒగ దినం పోయి అత్త కాళ్ళు పట్టుకుని ఒప్పుకుంటి. అప్పట్నుంచి ఆయమ్మ పలకరిస్తాంది. పాపను పిలిపించుకుంటాది. నాకు గూడా నిద్ర పడుతాంది."

నేను నీళ్ళు అడిగాను. తాగాను. పనిమీద ఇటు వచ్చానని చెప్పి లేచాను.

ఇప్పుడు నిజం చెప్తే ఆమె నిద్ర చెడుతుంది, అత్తతో కలిసిన బంధం తెగుతుంది, అని తిరుగు బస్సులో అనుకున్నాను. బాగానే ఉంది. కానీ ఈ గొంతు నాకు తెలుసు. పరిహారం రాదని చెవిలో చెప్పిన గొంతు ఇదే. మనసులో పెట్టుకోవద్దన్నదీ ఇదే. ప్రతిసారీ ఎదుటివాళ్ళ మంచి కోరినట్టే మాట్లాడుతుంది, ప్రతిసారీ నన్నే కాపాడుతుంది. ఆ పాప సంగతి? అమ్మ చేతులను చూసి భయపడుతూ పెరిగిన ఆ పిల్లకు నిజం తెలియనక్కర్లేదా? అక్కర్లేదని ఆ గొంతు కూడా అనలేకపోయింది. అయినా నేను బస్సు దిగలేదు.

మీరు నన్ను క్షమించాలని రాయడం లేదు. క్షమించే హక్కు ఉన్నవాళ్ళు ఇద్దరు. ఒకరు లేరు. ఇంకొకరికి తను క్షమించాల్సింది ఏదో ఉందని కూడా తెలియదు. ఆమె ఇంటికి మళ్ళీ పోతానో లేదో మాట ఇవ్వలేను. నా మాట విలువ ఎంతో మీరు చూశారు.

ఒక్కటి మాత్రం చేయగలను. ఇన్నేళ్ళూ నా నోరు అనని మాట ఇక్కడ రాయగలను. సుంకమ్మ పచ్చ బటన్ నొక్కలేదు. ఆమె నొక్కింది ఎర్రది. మొగుణ్ణి బతికించుకోవడానికి నొక్కింది. వదిలితే మళ్ళీ పడుతుంటే మళ్ళీ మళ్ళీ నొక్కింది. ఓబులేసు కూడా నేను చెప్పినట్టే స్విచ్ కిందికి వేసి జాగ్రత్తగానే పోయాడు. వాళ్ళిద్దరూ చేసిన తప్పు ఒక్కటే, నన్ను నమ్మారు.

రాశాను. ఛాతీలో ఏదో కొంచెం కదిలింది. అంత మాత్రానికి కూడా నేను తగను. అయినా కదిలింది.